అజాన్ వేళ చెప్పే యాప్‌కు మన అడ్రసు ఎందుకు?

మొన్న రంజాన్‌లో అమ్మీ ఫోన్ రోజూ తరావీహ్ వేళకు ఆగిపోయేది. సెహ్రీకి లేచినప్పుడు ఫుల్ ఛార్జింగ్ పెట్టి తీసినా ఇఫ్తార్‌కు పదిహేను శాతం మిగిలేది. తరావీహ్‌కల్లా స్క్రీన్ నల్లబడేది. చిత్తూరులో మా ఇంట్లో అమ్మీ, చెల్లెలి కుటుంబం ఉంటారు. నేను అఖ్బార్ ఉద్యోగం కోసం తిరుపతిలో ఉంటాను. ఒక జుమా రోజు ఇంటికి వెళ్లినప్పుడు మా మేనల్లుడు ఆ ఫోన్ చేతికి తీసుకున్నాడు. సెట్టింగుల్లో అటూ ఇటూ వేలు తిప్పి, "మామూ, ఇదిగో చోర్" అన్నాడు.

చోర్ ఎవరంటే నమాజ్ యాప్. పేరు చెప్పను, అలాంటివి డజన్లకొద్దీ ఉన్నాయి. అజాన్ వేళలు చెప్తుంది, ఖిబ్లా చూపిస్తుంది, తస్బీహ్ లెక్కపెడుతుంది. అంతవరకూ బాగానే ఉంది. దాంతోపాటు ఫోన్ దిండు కింద ఉన్నా, అమ్మీ నిద్రపోతున్నా, ఆమె ఎక్కడుందో రోజంతా లెక్క రాసుకుంటూనే ఉంది. లొకేషన్ అనుమతి దగ్గర "ఎల్లప్పుడూ" అని ఉంది.

ఆ "ఎల్లప్పుడూ" మీద వేలు పెట్టింది నేనే. రెండేళ్ల కింద ఫోన్ కొనిచ్చిన రోజు, అడిగిన ప్రతిదానికీ ఓకే, ఓకే అని నొక్కుకుంటూ పోయాను. అమ్మీకి ఉర్దూ చదవడం బాగా వచ్చు. తెలుగు బస్సు బోర్డుల మేరకు వచ్చు. ఇంగ్లీషు రాదు. ఆమె తరఫున ఇజాజత్ ఇచ్చింది ఆమె కొడుకు. ఇరవై ఏళ్లుగా సహాఫీగా బతుకుతూ, ఊళ్లో అందరి సంతకాల గురించి రాసే కొడుకు. విషయం చెప్పినప్పుడు ఆమె కోపపడలేదు. "మేరెకు పూఛే క్యా బేటా?" అంది. నన్నడిగారా అని.

ఉర్దూలో సవాల్ అంటే ప్రశ్న, తెలుగులో సవాలు వేరు. అమ్మీ మాట నాకు రెండూ అయింది. వాళ్లు ఆమెను అడగకపోతే కానూన్ ఏం చెప్తోంది? ఆమె ఎక్కడుందన్న ఖబర్ ఎవరిది?

ముందు చిన్న హిసాబ్ చేద్దాం. చిత్తూరుకీ తిరుపతికీ రోడ్డు మీద దాదాపు డెబ్బై కిలోమీటర్లు. సూర్యుడు తిరుపతిలో ముందు ఉదయిస్తాడు. ఆ తేడా ఎంత? ఒకటిన్నర నిమిషం కూడా లేదు. రెండు ఊళ్లూ నిక్షేపంగా ఒకే టైంటేబుల్ పెట్టుకుని, ఎహతియాత్ కోసం రెండు నిమిషాలు కలుపుకోవచ్చు. మన మసీదుల్లో రంజాన్‌కు అచ్చు వేసి పంచే కార్డు చేసే పని అదే. ఖిబ్లా మాటకొస్తే, ఇక్కడి నుంచి అది పడమరకు కాస్త ఉత్తరంగా ఉంటుంది. గాంధీ రోడ్డులో నిలబడినా, గిరింపేటలో నిలబడినా మారదు. అంటే నమాజ్ యాప్‌కు కావలసింది ఊరి పేరు ఒక్కటే. ఒక్కసారి చెప్తే చాలు. మనం ఏ వీధిలో ఉన్నాం, ఏ ఇంట్లో ఎంతసేపు కూర్చున్నాం, ఏ ఆస్పత్రికి వెళ్లాం అన్నది అడగడం నమాజ్ కోసం కాదు. వేరే దేనికోసమో.

ఆ వేరేది ఏమిటో 2020 నవంబరులో దునియాకు తెలిసింది. అమెరికాలోని వైస్ సంస్థకు చెందిన మదర్‌బోర్డ్ ఒక ఖబర్ బయటపెట్టింది. ముస్లిం ప్రో అనే యాప్‌ను అప్పటికే తొమ్మిది కోట్ల ఎనభై లక్షల సార్లు డౌన్‌లోడ్ చేసుకున్నారు. మన ఇళ్లలోనూ చాలామంది వాడేదే. ఆ యాప్ నుంచి మనుషుల లొకేషన్ ఎక్స్-మోడ్ అనే కంపెనీకి వెళ్తోందని, ఆ కంపెనీ ఖరీదుదారుల్లో అమెరికా ఫౌజ్‌కు పనిచేసే కాంట్రాక్టర్లు ఉన్నారని ఆ కథనం చెప్పింది. అమెరికా ప్రత్యేక దళాల కమాండ్ 'లొకేట్ ఎక్స్' అనే మరో లొకేషన్ సాధనాన్ని కొన్నట్టు కూడా అందులోనే తేలింది. ముస్లిం ప్రో వాళ్లు మేము ఫౌజ్‌కు ఏమీ అమ్మలేదన్నారు, ఎక్స్-మోడ్‌తో తాల్లుక్ తెంచుకుంటున్నామని ప్రకటించారు. అదే డిసెంబరులో ఆపిల్, గూగుల్ రెండూ ఎక్స్-మోడ్ కోడ్‌ను యాప్‌ల నుంచి తీసేయాలని హుకుం జారీ చేశాయి.

ఒక మాట ఇన్సాఫ్‌గా చెప్పాలి. ఫలానా నమాజీని ఈ డేటాతో ఫౌజ్ పట్టుకుందని ఆ కథనం చెప్పలేదు, నేనూ చెప్పడం లేదు. తక్లీఫ్ అది కాదు. ఎవరో మన ఇంటి తాళంచెవి అడుగుతారు. "హజ్‌కు వెళ్తున్నారు కదా, మొక్కలకు నీళ్లు పోస్తాం" అంటారు. ఇస్తాం. వాళ్లు ఆ తాళంచెవికి నకలు చేయించి బజార్లో అమ్ముతారు. ఇంట్లో ఏమీ పోలేదు కదా అంటే మనం ఒప్పుకుంటామా? తాళంచెవి మనం ఇచ్చింది అమానత్‌గా. ఎందుకిచ్చామో దానికి తప్ప మరిదేనికి వాడినా ఖయానత్. ఈ రెండు మాటల తేడా మన పిల్లలకు మక్తబ్‌లోనే తెలుసు. ప్రపంచంలోని పార్లమెంట్లకు తెలియడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది.

అమెరికానే చూడండి. 2018లో కార్పెంటర్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు, పోలీసులు ఒక మనిషి పాత సెల్ టవర్ రికార్డు కావాలంటే సాధారణంగా వారెంట్ తెచ్చుకోవాల్సిందేనంది. బాగుంది. కానీ వారెంట్ లేకుండా తీసుకోలేనిదాన్ని డబ్బులిచ్చి కొనుక్కుంటే? అక్కడి హుకూమత్ చేసింది అదే. తలుపు మూసి కిటికీ తెరిచినట్టు. చివరికి 2024 జనవరిలో వాళ్ల ఫెడరల్ ట్రేడ్ కమిషన్, ఆపాటికి అవుట్‌లాజిక్ అని పేరు మార్చుకున్న ఆ ఎక్స్-మోడ్ మీద చర్య తీసుకుంది. ఆస్పత్రులు, ఇబాదత్‌గాహ్‌లు లాంటి నాజూకైన చోట్లకు మనుషుల రాకపోకలు చూపించే డేటా అమ్మకూడదని కట్టడి చేసింది. యూరప్ వాళ్లు 2018 నుంచి అమల్లో ఉన్న తమ కానూన్‌లో లొకేషన్‌ను పేరుపెట్టి మరీ వ్యక్తిగత డేటాగా రాసుకున్నారు. మజ్‌హబ్‌ను బయటపెట్టే డేటాకు అంతకంటే గట్టి పహరా పెట్టారు.

ఇక మన దగ్గరికి వద్దాం. ఇక్కడ నా గిరేబాన్‌లోకి నేనే తొంగిచూడాలి.

2020 మార్చి ఆఖరు, ఏప్రిల్ మొదటి వారం గుర్తుందా? లాక్‌డౌన్. ఢిల్లీ మర్కజ్‌కు వెళ్లొచ్చినవాళ్ల కోసం దేశమంతా గాలింపు. సెల్ టవర్ల డేటా తెప్పించి, ఆ తేదీల్లో ఆ చుట్టుపక్కల ఉన్న నంబర్లు ఏరి, జిల్లాలకు పంపారు. మన రాష్ట్రంలో విపత్తుల నిర్వహణ సంస్థ ఇంకో ఏర్పాటు కూడా చేసింది. దాని పేరు కోవిడ్ అలర్టింగ్ ట్రాకింగ్ సిస్టం. ఇళ్లలో క్వారంటైన్‌లో ఉన్న సుమారు 25 వేల మంది ఫోన్లను టవర్ల సాయంతో గమనిస్తూ, ఇంటి నుంచి వంద మీటర్లు దాటితే అధికారులకు ఖబర్ వెళ్లేలా పెట్టినట్టు అప్పటి వార్తలు.

మా మొహల్లాలో ఒక భాయ్‌కు బట్టల వ్యాపారం. సరుకు కోసం ఢిల్లీ వెళ్లి, తిరుపతి వచ్చే సంపర్క్ క్రాంతి ఎక్కాడు. ఆ బండి ఎక్కడి నుంచి బయలుదేరుతుందో తిరుపతిలో చాలామందికి తెలుసు. హజ్రత్ నిజాముద్దీన్ స్టేషన్ నుంచి. స్టేషన్‌కూ మర్కజ్‌కూ మధ్య నడిచిపోయేంత దూరం. బండి కోసం ఆయన స్టేషన్‌లో గంటల తరబడి కూర్చున్నాడు. టవర్‌కు తెలిసింది ఒక్కటే, ఈ నంబరు ఇక్కడ ఉంది అని. ప్లాట్‌ఫాం మీద చాయ్ తాగుతున్నాడా, మర్కజ్‌లో బయాన్ వింటున్నాడా అన్నది టవర్‌కు తెలియదు. ఇంటి ముందు అంబులెన్సు ఆగింది. వీధంతా మిద్దెల మీదెక్కి చూసింది. ఆయనకు పరీక్షలో ఏమీ లేదని తేలింది. కానీ ఆ తర్వాత కొన్ని నెలలపాటు ఆయన కొట్లో గిరాకీ లేదు. కూరగాయల బండివాడు ఆ ఇంటి ముందు ఆగకుండా పోయేవాడు. మాటల్లో దించితే ఇప్పటికీ ఆయన ఆ రోజు గురించి మాట్లాడడు. "ఛోడో భాయ్" అంటాడు.

ఆ రోజుల్లో రోజూ రాత్రి కేసుల లెక్క రాసింది మేమే. మొత్తం ఇంత, అందులో "ఢిల్లీ వెళ్లొచ్చినవారు" ఇంత అని విడిగా ఒక గీత గీసి రాశాం. నేనూ రాశాను. పై నుంచి వచ్చిన లెక్క, డెస్కు మీద టైం లేదు, అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ గీతకు ఇవతల మా వీధి భాయ్ ఉన్నాడని తెలిసి కూడా రాశాను. ఆ ఆగస్టులోనే బాంబే హైకోర్టు ఔరంగాబాద్ బెంచి, జమాత్‌కు వచ్చిన విదేశీయుల మీద కేసులు కొట్టేస్తూ వాళ్లను బలిపశువులను చేశారని వ్యాఖ్యానించింది. మేం దాన్నీ వేశాం, లోపలి పేజీలో, చిన్నగా.

బీమారీని ఆపాలి, నిజమే. ఆనాడు వెళ్లొచ్చినవాళ్లు ముందుకొచ్చి చెప్పుకోవాల్సిందే, కొందరు దాచి గలతీ చేశారు. దాన్ని నేను వెనకేసుకురాను. నా మాట ఒక్కటే. టవర్ చెప్పిన అడ్డదిడ్డం గవాహీ మీద ఒక మనిషిని వీధిలో నిలబెట్టేముందు, ఆ డేటా ఎవరు తీసుకోవచ్చు, ఎవరి దస్తఖత్‌తో, ఎన్నాళ్లు ఉంచుకోవచ్చు, పొరపాటైతే ఎవరు జవాబు చెప్తారు అన్నదానికి పార్లమెంటు రాసిన ఒక్క పేజీ అయినా ఉండాలి కదా. ఆ రోజు లేదు.

ఈ మస్లాకు మూలం తెలుగువాళ్ల చేతిలోనే పుట్టింది. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే మనిషి మీద 1941లో దోపిడీ కేసు పెట్టి, సాక్ష్యం లేక వదిలేశారు. వదిలేసినా పోలీసులు హిస్టరీ షీటు తెరిచారు. మన రాయలసీమలో రౌడీషీటు అంటే ఎవరికీ వివరించనక్కర్లేదు, అలాంటిదే. అర్ధరాత్రి తలుపు తట్టడం, ఊరు దాటితే ఎక్కడికి అని అడగడం, వెంటపడి కనిపెట్టడం. ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 1962 డిసెంబరులో ఆరుగురు జడ్జీలు తీర్పు చెప్పారు. రాత్రిపూట ఇంటికొచ్చి తలుపు తట్టడం తప్పన్నారు. రాకపోకల మీద నిగరానీ మాత్రం ఫర్వాలేదని, ప్రైవసీ అనే హక్ రాజ్యాంగంలో లేదని ఎక్కువమంది అన్నారు. ఒప్పుకోని ఇద్దరిలో ఒకరు కోకా సుబ్బారావు, రాజమండ్రివాడు. ఆంధ్ర హైకోర్టుకు మొదటి చీఫ్ జస్టిస్. మన తిరుపతి ఎస్వీ యూనివర్సిటీకి ఛాన్సలర్‌గా కూడా ఉన్నవాడు. నేను తెలుగు ఎం.ఏ. చదివింది అక్కడే, కానీ అన్నేళ్లలో ఆయన పేరు ఒక్కసారి వినలేదు. 1967లో రాష్ట్రపతి ఎన్నికల్లో మన డాక్టర్ జాకిర్ హుసేన్ మీద పోటీచేసి ఓడింది కూడా ఈయనే. మా అబ్బాకు ఆయన గుర్తుంది అలాగే, "జాకిర్ సాబ్ మీద నిలబడిన జడ్జి" అని.

సుబ్బారావు చెప్పింది సీదా మాట. ఒక మనిషి కాళ్లకు సంకెళ్లు లేకపోవచ్చు, కానీ ప్రతి అడుగునూ ఎవరో లెక్కపెడుతున్నారని తెలిస్తే ఆ నడక ఆజాదీతో నడిచే నడక కాదు. చూపుల కిందున్న మనిషి తను వెళ్లాలనుకున్న చోటుకు వెళ్లడు. అందుకని ఆ నిబంధన మొత్తం చెల్లదన్నారు. అప్పుడది ఓడిపోయిన అభిప్రాయం. యాభై ఐదేళ్లు అలాగే ఉంది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జీలు ఏకగ్రీవంగా, ప్రైవసీ మౌలిక హక్కేనని చెప్తూ, ఖరక్ సింగ్ కేసులో ఆ హక్కు లేదన్న మాటను కొట్టేశారు. గెలిచింది సుబ్బారావు దారి. స్మార్ట్‌ఫోన్ అనే మాట పుట్టకముందే లొకేషన్ ట్రాకింగ్ గురించి మనవాడు రాసిపెట్టిన ఫైసలా అది.

ఆ తీర్పు వచ్చాక కానూన్ రావడానికి ఆరేళ్లు పట్టింది. 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం అయింది. దాని రూల్స్ 2025 నవంబరులో వచ్చాయి. అందులో మంచి ఉంది, ముందు అదే చెప్తాను. ఏ పనికోసం ఇజాజత్ తీసుకున్నారో ఆ పనికి అవసరమైన డేటా వరకే ఆ ఇజాజత్ చెల్లుతుంది. చట్టంలోనే ఒక మిసాల్ ఇచ్చారు. ఫోన్లో డాక్టర్ సలహా ఇచ్చే యాప్ మీ కాంటాక్టుల జాబితా కూడా అడిగి, మీరు ఓకే నొక్కినా, ఆ రెండోదానికి మీ ఓకే చెల్లదు. దాన్ని నమాజ్ యాప్‌కు వర్తింపజేసి చూడండి. ఊరి పేరు చాలిన చోట గడియ గడియకూ లొకేషన్ తీసుకుంటే, నేను అమ్మీ తరఫున నొక్కిన "ఎల్లప్పుడూ"కు విలువ ఉండకూడదు. ఇది అమానత్ సూత్రమే, ఇంగ్లీషులో రాశారంతే. ఇచ్చిన ఇజాజత్‌ను ఇచ్చినంత సులువుగా వాపసు తీసుకోవచ్చు. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల వెంటపడి కనిపెట్టడం కుదరదు.

ఇంకో మాట ఉంది, మనవాళ్లలో చాలామందికి తెలియదు. ఇజాజత్ అడిగే నోటీసును ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని ఇరవై రెండు భాషల్లో దేనిలో గానీ చదువుకునే వీలు కల్పించాలి. ఆ ఇరవై రెండింట్లో తెలుగు ఉంది. ఉర్దూ కూడా ఉంది. అంటే అమ్మీ కుడి నుంచి ఎడమకు, నస్తాలీఖ్‌లో చదువుకుని, కావాలంటే అవునని, లేకపోతే నక్కో అని చెప్పే హక్ ఆమెకు కానూనీగా వచ్చింది. ఉర్దూ మీడియం బడిలో చదివి, కాగితం మీద మన లిపి కనిపిస్తే చాలు సంతోషపడిపోయే నాలాంటివాడికి ఇది చిన్న సంగతి కాదు.

కానీ గట్టిగా చదివితే చట్టంలో చిల్లులు కనిపిస్తాయి.

అన్నింటికంటే పెద్దది హుకూమత్ తనకు తాను ఇచ్చుకున్న మినహాయింపు. దేశ భద్రత, శాంతిభద్రతల పేరు మీద కేంద్రం ఏ సంస్థనైనా నోటిఫై చేస్తే, ఈ చట్టం దానికి వర్తించదు. మహమ్మారి సమయంలో వైద్యం, ఆరోగ్య సేవల కోసమైతే ఇజాజత్ అడగనక్కర్లేదు. ఆ వాక్యం చదివినప్పుడు మా వీధి భాయ్ ముఖం కళ్ల ముందు మెదిలింది. 2020లో కానూన్ లేక అలా జరిగింది అనుకున్నాం. ఇంకోసారి అలాంటి రోజు వస్తే కానూన్ ఉండి కూడా ఇజాజత్ అడగకుండానే జరగొచ్చు. ఉద్యోగ అవసరాలకు కూడా ఇజాజత్ అక్కర్లేదు. ముఖం చూపించి హాజరు వేసే యాప్‌ను సొంత ఫోన్లలో వేసుకోమంటే 2022లో మన రాష్ట్రంలో టీచర్ల సంఘాలు ఎదురు తిరిగాయి. మా బాజీ ఉర్దూ బడిలో టీచర్, ఆమె కూడా అప్పుడు గొడవ చేసింది. "ఫోన్ నా జీతంతో కొన్నది, హాజరు రిజిస్టర్ వాళ్లది" అని.

రెండో చిల్లు, డేటా అంతా ఒకటే తూకం. 2019 నాటి పాత బిల్లులో మజ్‌హబ్, సెహత్ వంటివాటిని నాజూకైన డేటాగా విడదీసి ఎక్కువ కాపలా పెట్టారు. ఆ బిల్లును 2022లో వాపసు తీసుకున్నారు. కొత్తదాంట్లో ఆ విభజనే లేదు. నా పిజ్జా ఆర్డరూ, నేను ఏ మసీదులో ఫజర్ చదువుతానన్నదీ దాని కళ్లకు ఒకటే. లొకేషన్ తానుగా నంబరే. కానీ శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు అది ప్రతి వారం ఒకేచోట ఉంటే ఆ మనిషి మజ్‌హబ్ ఏమిటో చెప్పడానికి ఇల్మే గైబ్ అక్కర్లేదు. శనివారం తెల్లవారుజామున అలిపిరి మెట్ల దారిలో ఉంటే అదీ చెప్తుంది. నెలనెలా కేన్సర్ ఆస్పత్రి దగ్గర ఉంటే ఇంట్లోవాళ్లకు చెప్పని సంగతిని కూడా చెప్తుంది.

మూడోది నాకు ఎక్కువ బాధ కలిగించింది. పాత ఐటీ చట్టంలో 43ఏ అనే సెక్షను కింద, కంపెనీ నిర్లక్ష్యం వల్ల నష్టపోయినవాళ్లు ముఆవజా అడగొచ్చు. కొత్త చట్టం ఆ సెక్షనునే తీసేస్తుంది. జరిమానాలు పెద్దవే, రెండొందల యాభై కోట్ల దాకా. కానీ ఆ పైసలు సర్కారు ఖజానాకు పోతాయి. కొట్లో గిరాకీ పోయిన మనిషి చేతికి రూపాయి రాదు. పైగా తప్పుడు ఫిర్యాదు చేశావని తేలితే ఫిర్యాదీకే పదివేల దాకా జుర్మానా. ఫిర్యాదులు తేల్చే బోర్డు సభ్యులను నియమించేది కేంద్రం. ఈ చట్టంతోపాటే ఆర్టీఐలో ఒక సెక్షను మార్చి, మాలాంటి సహాఫీలకు అధికారుల లెక్కలు అడగడం కష్టం చేశారు. ప్రజల ప్రైవసీ పేరు చెప్పి సర్కారు తన పరదా మందం పెంచుకుంది.

"దొంగలను, బాంబులు పెట్టేవాళ్లను పట్టుకోవద్దా?" అని నన్నడుగుతారు. నేను తిరుపతిలో బతుకుతున్నాను. 2003 అక్టోబరు 1న అలిపిరి దగ్గర అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు కాన్వాయ్ మీద మందుపాతరలు పేల్చారు. ఈ రోజుకీ అలిపిరిలో ప్రతి బండినీ ఆపి చూస్తారు. నాకు దాని మీద ఎలాంటి షికాయత్ లేదు. ఎందుకంటే అక్కడ చూసేవాడు నాకు కనిపిస్తాడు. ఎందుకు చూస్తున్నాడో తెలుసు. చూడటం అయిపోయాక నన్ను వదిలేస్తాడు. నా వెంట ఇంటిదాకా రాడు. కానూన్ ఇలా ఉండాలి. ఎవరిని, ఎందుకు, ఎన్నాళ్లు అన్నది రాసి, పోలీసుకు పైవాడైన మరో పోలీసు కాదు, ఒక మేజిస్ట్రేట్ దస్తఖత్ పెట్టాలి. పని అయిపోయాక ఆ మనిషికి ఇత్తిలా ఇవ్వాలి.

ఇది కుదరని పనేమీ కాదు. 2024 జులైలో సుప్రీంకోర్టు ఫ్రాంక్ విటస్ కేసులో, బెయిల్ మీద వదిలిన మనిషిని "నీ గూగుల్ మ్యాప్ పిన్ దర్యాప్తు అధికారికి పంపుతూ ఉండు" అని షరతు పెట్టడం చెల్లదంది. ముల్జిమ్‌కే ఆ హక్ ఉందంటే, ఏ నేరమూ చేయని అమ్మీకి ఉండదా? రిజర్వ్ బ్యాంకు కూడా 2022 సెప్టెంబరులో లోన్ యాప్‌లకు ముక్కుసూటిగా రాసింది. కాంటాక్టులు, ఫొటోలు, కాల్ లాగులు ముట్టుకోకూడదు. లొకేషన్ కావాలంటే ఖాతా తెరిచే వేళ స్పష్టమైన ఇజాజత్‌తో ఒక్కసారి. ఆ "ఒక్కసారి" అన్న మాటే డేటా చట్టంలోకి రావాలి. లొకేషన్‌ను నాజూకైన డేటాగా విడిగా రాయాలి, దాన్ని అమ్మడం హరాం అని కానూన్ భాషలో చెప్పాలి, హుకూమత్ కొనడం కూడా అందులోకి రావాలి. మన ఎంపీలు, ఎమ్మెల్యేలు ఇఫ్తార్‌కు వచ్చినప్పుడు ఖజూర్ చేతిలో పెడుతూ షాదీఖానా, ఖబ్రస్తాన్ గోడ అడుగుతాం. అవీ కావాలి. వచ్చే ఏడాది ఇంకో కాగితం కూడా చేతిలో పెట్టండి.

ఒక మాట మన ఇళ్ల గురించి కూడా. ఈ మధ్య మన తండ్రులు కొందరు కాలేజీకి వెళ్లే ఆడపిల్ల ఫోన్లో ఆమెకు తెలియకుండా ట్రాకింగ్ యాప్ వేస్తున్నారు. షౌహర్‌లు బీవీల ఫోన్లలో వేస్తున్నారు. నన్నే ఒకాయన "ఏ యాప్ మంచిది భాయ్?" అని అడిగాడు. సూరా హుజురాత్‌లో తజస్సుస్ వద్దన్న హుకుం, పరాయి ఇంట్లోకి ఇజాజత్ లేనిదే అడుగుపెట్టకూడదని సూరా నూర్‌లో ఉన్న హుకుం ఆయనకు నోటికి వచ్చు. ఫోన్ కూడా ఇల్లే అన్న సంగతి మాత్రం తట్టలేదు. బిడ్డ ఫిక్ర్ ఉంటే బిడ్డతో చెప్పి పెట్టండి, రాత్రి బస్సులో వచ్చేటప్పుడు లొకేషన్ పంపమనండి, మా చెల్లెలు కూతురు అలాగే పంపుతుంది, ఇంటికి రాగానే ఆపేస్తుంది. చెప్పి అడగడం వేరు, దొంగచాటుగా చూడటం వేరు. మనం ఇంట్లో చేసే జాసూసీ కళ్లకు కనిపించకపోతే సర్కారు చేసేదాని మీద మనం ఏ ముఖంతో మాట్లాడతాం?

ఆ జుమా రోజే అమ్మీ ఫోన్లో లొకేషన్ తీసేశాను. యాప్‌లో "చిత్తూరు" అని చేత్తో టైపు చేశాను. అజాన్ అదే వేళకు వచ్చింది, ఒక్క సెకను తేడా లేదు. ఆ రాత్రి తరావీహ్ అయ్యాక కూడా ఫోన్లో నలభై శాతం ఛార్జింగ్ ఉంది. యాప్ వాళ్లకు ఒక మెయిల్ రాశాను, నోటీసు ఉర్దూలోనూ తెలుగులోనూ ఎప్పుడు ఇస్తారు అని. జవాబు రాలేదు.

అమ్మీకి కొత్త కానూన్ గురించి వివరంగా చెప్పాను. ఉర్దూలో అడుగుతారంట, నువ్వే చదివి చెప్పొచ్చంట అని. ముసల్లా మడతపెడుతూ విన్నది. "కబ్ సే?" అని అడిగింది. రూల్స్ వచ్చిన రోజు నుంచి పద్దెనిమిది నెలలు, అంటే 2027 మే నడిమధ్యలో అన్నాను. వేళ్ల మీద చాంద్ నెలలు లెక్కపెట్టుకుంది.

"బక్రీద్ ఆస్‌పాస్" అంది. "ఠీక్ హై. తబ్ తక్ బందే రఖ్."